నాయనమ్మ, తాతయ్య, లండన్‌లో మన అమరావతి

కొడుకో కూతురో విదేశాల్లో ఉన్న ఇళ్ళలో అమ్మానాన్నల ప్రయాణాలకి ఒక లెక్క ఉంటుందండీ. మొదటి ప్రయాణం పురుడు పోయడానికి. రెండోది చంటిపిల్లని చూసుకోవడానికి. మూడోది కోడలు మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పుడు. ఇంగ్లండ్ అయితే వీసా ఒక్కసారికి ఆరు నెలలు ఉండనిస్తుంది కాబట్టి ఆవకాయ, కందిపొడి, మాత్రల డబ్బా సర్దుకుని బయల్దేరతారు. ఆ ఆరు నెలలూ వంటింటికీ బడి గేటుకీ మధ్యే గడిచిపోతాయి. తిరిగొచ్చాక "ఏం చూశారు?" అని అడిగితే శని ఆదివారాల్లో కొడుకు కారులో తిప్పి చూపించిన వంతెనలు, కోటలు చెప్తారు. ఫొటోలు కూడా ఉంటాయి. మనవడితోనో మనవరాలితోనో తాము ఇద్దరే వెళ్ళి గడిపిన రోజు ఏదంటే మాత్రం చాలామంది కాసేపు ఆలోచిస్తారు.

మా అమ్మానాన్నలకి అలాంటి రోజు ఒకటి దొరికింది. లండన్‌లో ఉన్న మా తమ్ముడి కూతురు, ఎనిమిదేళ్ళది, వాళ్ళతో కలిసి బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళింది. వాళ్ళు చూడాలనుకున్నవి మమ్మీలు కాదు, మన గుంటూరు వైపు రాళ్ళు. ఆ రాళ్ళ కథ తెలిస్తేగానీ ఆ రోజు ఎందుకంత విలువైనదో అర్థం కాదు కాబట్టి ముందు ఆ కథ చెప్తాను.

గుంటూరు నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కృష్ణ ఒడ్డున అమరావతి. అమరేశ్వరుడి గుడికి మనమందరం వెళ్ళినవాళ్ళమే. ఆ పక్కనే ధరణికోట. పాత పేరు ధాన్యకటకం. అక్కడ సుమారు రెండువేల రెండువందల ఏళ్ళ కిందట ఒక స్తూపం మొదలైంది. తర్వాత శాతవాహనుల కాలంలో దాన్ని పెంచుతూ, చెక్కుతూ వెళ్ళారు. శాసనాల్లో దాని పేరు మహాచైత్యం. అండం, అంటే ఆ గుండ్రటి కట్టడం, అడుగున దాదాపు 50 మీటర్ల వెడల్పు. సాంచి స్తూపం కంటే పెద్దది. చుట్టూ రాతి కంచె, నాలుగు దిక్కులా ద్వారాలు, ప్రతి ద్వారం ఎదురుగా అయిదేసి స్తంభాలు. వీటిని ఆయక స్తంభాలంటారు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానం పొందడం, మొదటి ఉపదేశం, నిర్యాణం, ఈ అయిదింటికీ గుర్తులని చెప్తారు. సాంచిలో ఇవి ఉండవు. మన ఆంధ్రదేశపు స్తూపాల ప్రత్యేకత ఇది.

రాయి పలనాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. దూరం నుంచి పాలరాయిలా ఉంటుంది కాబట్టి దొరలు అమరావతి మార్బుల్స్ అని పేరు పెట్టేశారు గానీ నిజానికి అది పాలరాయి కాదు. మెత్తటి రాయి కావడంతో శిల్పులు గాజుల అంచులు, చీర కుచ్చిళ్ళు, ఏనుగు తొండం ముడతలు కూడా చెక్కగలిగారు.

ఇదంతా ఒక్క రాజుగారు కట్టించింది కాదు. నాకు ఈ స్తూపం మీద ప్రేమ కలగడానికి కారణం కూడా అదే. రాళ్ళ మీద దానమిచ్చినవాళ్ళ పేర్లున్నాయి. వర్తకులున్నారు, భిక్షుణులున్నారు, విధికుడనే చర్మకారుడున్నాడు. అతను తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు అందరి పేరునా పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చుకున్నాడు. ఇంకో శాసనంలో కామ అనే ఉపాసిక దానమిచ్చింది. ఆమె తనని ఎలా చెప్పుకుందో చూడండి. గృహపతి ఇదుడి కూతురు కణ్హ, ఆ గృహిణి కణ్హ కూతురు కామ. అంటే తాతగారి పేరు, అమ్మ పేరు, తన పేరు. అమ్మ పేరు పక్కన 'ఘరణి' అని ఉంది. మన గృహిణి అన్న మాటే అది. ఏ ఫారం నింపినా వృత్తి దగ్గర 'గృహిణి' అని రాసి ఊరుకునే మనలాంటి ఆవిడ పేరు, తండ్రికీ కూతురికీ మధ్యన, పద్దెనిమిది వందల ఏళ్ళకి పైగా రాతి మీద నిలిచి ఉంది.

నేను బి.ఏ.లో తెలుగు తీసుకున్నాను. తెలుగు భాషా చరిత్ర పాఠంలో మొదట బట్టీ పట్టిన మాట 'నాగబు'. అమరావతి శాసనంలో దొరికిన ఈ మాటని తొలి తెలుగు పదంగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారని పరీక్షలో రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాం. అప్పుడు ఆ రాళ్ళు ఎక్కడున్నాయని మేమెవరం అడగలేదు, పాఠంలోనూ లేదు.

ఇంతటి స్తూపం మెల్లగా మరుగునపడింది. దాని గురించి దాదాపు చివరగా వినిపించే కబురు శ్రీలంకలోని గడలాదెణియలో ఉన్న 1344 నాటి శాసనం. ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో రెండంతస్తుల మందిరాన్ని బాగు చేయించాడని అందులో ఉంది. ఆ తర్వాత నాలుగున్నర శతాబ్దాలపాటు మాటే లేదు. ఊళ్ళో వాళ్ళకి అది దీపాలదిన్నె. ఒక పెద్ద మట్టిదిబ్బ, అంతే.

1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు చింతపల్లి నుంచి మకాం మార్చి అమరావతిలో కొత్త పట్నం కట్టడం మొదలుపెట్టారు. గుళ్ళకి, బ్రాహ్మణులకి, కవులకి ఆయన ఇచ్చిన దానాల గురించి మన వైపు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. పట్నానికి ఇటుక కావాలి, రాయి కావాలి. దిన్నె తవ్వితే రెండూ దొరికాయి. పెద్ద పెద్ద ఇటుకలు ఇళ్ళ గోడల్లోకి వెళ్ళాయి. చెక్కిన పలకలు కోనేటి మెట్లయ్యాయి. కొన్ని సున్నపు బట్టీల్లో కాలి సున్నమైపోయాయి. ఇది విన్నప్పుడు మనసు కలుక్కుమంటుంది. కానీ ఆయన కావాలని పాడుచేశారనుకోవడం న్యాయం కాదు. తవ్వినవాళ్ళకి అదేమిటో చెప్పేవాళ్ళు లేరు.

ఆ వార్త విని 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. స్కాట్లండ్ మనిషి, కంపెనీ సైన్యంలో సర్వే ఉద్యోగి. మన ఊళ్ళ కైఫీయతులు రాయించింది ఈయనే. ఆ పనిలో ఆయనకి కుడిభుజంగా నిలిచిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు మన ఏలూరువారు. మెకంజీ మళ్ళీ 1816లో, అప్పటికి సర్వేయర్ జనరల్ హోదాలో, తన చిత్రకారులతో వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వేసి ఉంది. ఉన్నంతవరకు కొలతలు వేయించి, రాయి రాయికీ బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లోని కొన్ని రాళ్ళు తర్వాత ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. అవి ఇప్పుడు కాగితం మీద మాత్రమే ఉన్నాయి. ఆ కాగితాలు కూడా లండన్‌లోనే, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

తర్వాత కొన్ని రాళ్ళు బందరు చేరాయి. అక్కడి కలెక్టర్ రాబర్ట్‌సన్ తాను కట్టించిన కొత్త బజారు నడుమ వాటిని అలంకారంగా నిలబెట్టించాడు. బందరులో రాబర్ట్‌సన్‌పేట పేరు విన్నవాళ్ళకి ఆ కలెక్టర్ ఎవరో ఇప్పుడు తెలిసింది కదా. 1845లో వాల్టర్ ఇలియట్ దిన్నెలో మరో పక్క తవ్వించి, దొరికిన శిల్పాలని మద్రాసు పంపాడు. అక్కడ అవి ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ ఆరుబయట పడి ఉన్నాయి. చివరికి 1859లో సుమారు 120 రాళ్ళని ఓడకెక్కించి లండన్ పంపించారు.

లండన్ వెళ్ళాక రాజభోగం పట్టిందా అంటే అదీ లేదండీ. పెట్టడానికి చోటు లేక ఇండియా మ్యూజియం వాళ్ళు వాటిని ఫైఫ్ హౌస్ అనే భవనం దగ్గర గుర్రబ్బళ్ళ కొట్టంలో పడేశారు. 1867లో పారిస్ ప్రదర్శనకి ఫొటోల కోసం వెతుకుతున్న జేమ్స్ ఫెర్గూసన్ అనే పండితుడి కంట అవి పడ్డాయి. మరుసటి ఏడే ఆయన వాటి మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి. చాలాకాలం అక్కడి పెద్ద మెట్ల దగ్గర గోడలకి అమర్చి ఉంచారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో తీసేశాక ఏళ్ళ తరబడి జనం కంట పడలేదు. 1992లో వాటికోసమే ఒక గది ఏర్పాటు చేశారు. లండన్ తేమ మన సున్నపురాయికి పడదు కాబట్టి గదికి అద్దాల గోడ పెట్టి లోపల గాలిని అదుపులో ఉంచుతారు.

అదే 1880 ప్రాంతంలో ఇక్కడ మరో సంగతి జరిగింది. 1877లో రాబర్ట్ సీవెల్ కొంత తవ్వాడు. తర్వాత మద్రాసు గవర్నర్ ఉత్తర్వు మీద దిన్నె మొత్తం ఖాళీ చేశారు. ఆపైన జేమ్స్ బర్జెస్ వచ్చి దొరికిన శిల్పాలని మద్రాసు మ్యూజియంకి తరలించే ఏర్పాటు చేశాడు. అప్పుడు హెచ్.హెచ్. కోల్ అనే ఇంకో ఆంగ్లేయ అధికారి అడ్డుపడ్డాడు. ఎక్కడి శిల్పం అక్కడే ఉండాలి, ఉన్నచోటే కాపాడాలి అన్నది ఆయన వాదన. ఆయన మాట చెల్లలేదు. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఇప్పుడు మనం చూసే అమరావతి శిల్పాలలో చాలా భాగం అలా వెళ్ళినవే.

ఇక మా వాళ్ళ రోజు సంగతి.

మా అమ్మ ఎనిమిదో తరగతి వరకు చదువుకుంది. నాన్నగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. లండన్ వెళ్ళి నాలుగు నెలలైనా అమ్మ ఒంటరిగా వీధి చివరి కొట్టు దాటి వెళ్ళలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "ఇవాళ పిల్ల నాతో మూడు ముక్కలు మాట్లాడిందే, మూడూ ఇంగ్లీషే" అనేది. నవ్వుతూనే అనేది గానీ ఆ నవ్వు వెనకాల ఏముందో నాకు తెలుసు. బడికి సెలవులిచ్చారు, కొడుక్కీ కోడలికీ ఆఫీసులు. "మీ ముగ్గురూ మ్యూజియంకి వెళ్ళండి, మన అమరావతి అక్కడే ఉంది, టిక్కెట్టు కూడా లేదు" అని నేనే పోరుపెట్టాను. ఏ గదిలో ఉందో, ఏ బొమ్మలు చూడాలో రెండు సాయంత్రాలు అమ్మకి ఫోన్లో చెప్పాను. అమ్మ అవన్నీ పాల లెక్క రాసుకునే పుస్తకంలో రాసుకుంది.

ట్యూబ్ రైల్లో మనవరాలే పెద్దమనిషి. కార్డు ఎక్కడ ఆనించాలో, కదిలే మెట్ల మీద ఏ పక్క నిలబడాలో తనే చెప్పిందట. హోబర్న్ స్టేషన్‌లో మెట్లు ఎంతో పొడుగు. అమ్మ కొంగు గట్టిగా పట్టుకుని "నాన్నమ్మా, కిందకి చూడకు, నా మొహం చూడు" అందట. నాన్నగారు దారి పొడుగునా నోరెత్తలేదట. మా నాన్నగారి గురించి తెలిసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద విశేషమో అర్థమవుతుంది.

ముందు పిల్ల కోరిక ప్రకారం మమ్మీలు చూశారు. తర్వాత తెచ్చుకున్న పులిహోర తిన్నారు. అప్పుడు 33వ నంబరు హాలు, దాని పక్కనే అద్దాల వెనక 33ఏ. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళగానే అమ్మ అలా నిలబడిపోయిందట. ఎదురుగా ఒక పలక మీద చెంబులాంటి కుండ, దాన్లోంచి పొంగుతున్న తామరలు. "ఇదిగో మన పూర్ణకుంభం" అంది. శుభలేఖల మీద వేయించేది, గృహప్రవేశాలకి గుమ్మం పక్కన గీసేది అదే కదా అని పిల్లకి చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ముద్రలో ఉన్నదీ ఆ పూర్ణఘటమే.

అక్కడి నుంచి దారి చూపించే పని అమ్మకొచ్చింది. ఇంగ్లీషు రాసిన అట్టలు చదవడం మనవరాలి వంతు, బొమ్మలు చదవడం నాయనమ్మ వంతు. కాళ్ళకి పిక్కల దాకా కడియాలు పెట్టుకున్న ఆడవాళ్ళు, మోచేతి దాకా గాజులు, నడుముకి వడ్డాణం. "మా అమ్మమ్మకి ఇలాంటి కడియాలుండేవి, నడిస్తే వీధి చివరికి వినపడేది" అని అమ్మ అంటే, పిల్ల ఆ కడియాలు ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టిందట. కంచె పైభాగం రాళ్ళ మీద మనుషులు వరసగా ఒక పొడుగాటి లావుపాటి పూలదండని మోసుకెళ్తుంటారు. పెళ్ళి పందిరికి బంతిదండ కట్టేముందు నలుగురు పట్టుకుని మోసినట్టే. ఒక పలక మీద స్తూపం మొత్తం చెక్కి ఉంది. అయిదు స్తంభాలని పిల్లే కనిపెట్టింది. ఆ పలక వెనక వైపు అంతకు మూడు నాలుగు వందల ఏళ్ళ ముందు చెక్కిన బొమ్మ ఉంది. పాత రాయిని పారేయకుండా తిప్పి రెండో వైపు చెక్కారన్నమాట. "నోట్‌బుక్ వెనకవైపు లెక్కలు చేసుకున్నట్టు" అన్నారు నాన్నగారు. పిల్లకి అది బాగా నచ్చింది.

ఆ వెనకవైపు బొమ్మలో చెట్టు కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం. ఇంకో రాతి మీద ఉత్త పాదాలు. "కింగ్ ఎక్కడ?" అని పిల్ల అడిగింది. తొలి రోజుల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కాదు, ఆసనమో పాదాలో పెడితే ఆయన ఉన్నట్టే అని నాన్నగారు చెప్పారు. పిల్లకి అర్థం కాలేదు. అప్పుడు అమ్మ అందట, "నువ్వు గుంటూరు వచ్చి వెళ్ళావు కదా, నీ చిన్న చెప్పులు మన గుమ్మం పక్కనే ఉన్నాయి. రోజూ తుడిచి పెడతాను. చూస్తే నువ్వు ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది." పిల్ల ఏం మాట్లాడకుండా మళ్ళీ వెళ్ళి ఆ పాదాల రాయి చూసొచ్చిందట. ఈ ముక్క ఫోన్లో చెప్తున్నప్పుడు అమ్మ గొంతు మారింది.

అసలు ప్రశ్న తర్వాత వచ్చింది. "ఇవి మనవైతే ఇక్కడెందుకున్నాయి తాతయ్యా? వాళ్ళు అడిగి తెచ్చుకున్నారా?"

ఇలాంటి చోట మనం సాధారణంగా రెండు జవాబుల్లో ఒకటి చెప్తాం. తెల్లవాళ్ళు దోచుకుపోయారు అన్నది ఒకటి. వాళ్ళే తేకపోతే మనవాళ్ళు సున్నం చేసేవాళ్ళు అన్నది రెండోది. ఒకటి చెప్తే పిల్ల తాను పుట్టిన దేశాన్ని చూసి తలదించుకోవాలి. రెండోది చెప్తే తాత పుట్టిన దేశాన్ని చూసి తలదించుకోవాలి. నాన్నగారు రెండూ చెప్పలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పారు. మనవాళ్ళు ఇళ్ళు కట్టుకోవడానికి తవ్వారు. ఒక దొర వచ్చి జాగ్రత్తగా బొమ్మలు గీయించాడు. ఇంకో దొర తవ్వించి పంపించేశాడు. అప్పుడు రాజ్యం వాళ్ళది కాబట్టి ఎవరినీ అడగలేదు. అడగకుండా తీసుకెళ్ళడం తప్పే. ఇక్కడికొచ్చాక కూడా చాలా ఏళ్ళు సరిగ్గా చూసుకోలేదు. ఇప్పుడు బాగా చూసుకుంటున్నారు. అక్కడే ఉంచుదామన్న దొర కూడా ఒకడున్నాడు, అతని మాట ఎవరూ వినలేదు.

పిల్ల అంతా విని, "మరి మనవాళ్ళు ఎందుకు బద్దలు కొట్టారు? వాళ్ళకి నచ్చలేదా?" అంది. "వాళ్ళకి అదేమిటో తెలీదమ్మా. తెలిసినవాళ్ళు పిల్లలకి చెప్పడం ఎప్పుడో మానేశారు" అన్నారు నాన్నగారు.

నాకు ఈ మాట దగ్గరే ఆగి ఆలోచించాలనిపించిందండీ. మహాచైత్యం పాడవడానికి కారణాలు చరిత్రకారులు చాలా చెప్తారు. బౌద్ధానికి ఆదరణ తగ్గడం, రాజ్యాలు మారడం, వర్తకం తగ్గడం. అవన్నీ నిజమే. కానీ ఆ ఊళ్ళో ఇళ్ళు మాత్రం ఎప్పుడూ ఉన్నాయి. ఆ ఇళ్ళలో తాతలు, నాయనమ్మలు ఉన్నారు. ఎక్కడో ఒక తరంలో ఆ దిన్నె పక్కగా పిల్లని నడిపించుకు వెళ్తూ "ఇది ఫలానా" అని చెప్పడం ఆగిపోయింది. చెప్పడం ఆగాక పూర్ణఘటం చెక్కిన పలక కూడా మెట్టుకి పనికొచ్చే రాయే. కణ్హ అనే గృహిణి పేరున్న రాయైనా సున్నపుబట్టీకి ఒకటే.

ఆ తర్వాతి వేసవిలో మా తమ్ముడు కుటుంబంతో వచ్చాడు. పిల్ల దిగిన రెండోరోజే "అసలు ప్లేస్ చూడాలి" అంది. అమరావతి తీసుకెళ్ళాం. అక్కడ గుండ్రటి ఇటుక వేదిక, చుట్టూ గడ్డి, నిలబెట్టిన కొన్ని రాళ్ళు. పిల్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి "ఇంతేనా?" అంది. పెద్దవాళ్ళం ఎవరం మాట్లాడలేకపోయాం. మ్యూజియంలో నమూనా స్తూపం చూశాక కొంచెం సర్దుకుంది. తర్వాత మళ్ళీ ఆ వేదిక దగ్గరికి వచ్చి, తూర్పు ద్వారం ఎక్కడ, అయిదు స్తంభాలు ఎక్కడ నిలబడేవి అని నాయనమ్మని అడిగి, లండన్‌లో చూసిన బొమ్మ ప్రకారం తనే చేత్తో చూపించింది. అక్కడున్న మరో కుటుంబంలోని పిల్లలు ఇద్దరు వచ్చి వింటూ నిలబడ్డారు. మా పిల్ల తెలుగు తప్పుల తడకే. అయినా వాళ్ళకి అర్థమైంది.

ఆ రాళ్ళు తిరిగి రావాలా వద్దా అని మా ఇంట్లో వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఎంతోకొంత రావాలనే నా అభిప్రాయం. అయితే మన చేతుల్లో ఉన్నవాటిని చూడ్డానికి మన పిల్లల్ని మనం ఎన్నిసార్లు తీసుకెళ్ళామన్నది కూడా లెక్కవేసుకోవాలి. పెళ్ళిబట్టలకి చెన్నై వెళ్తాం. చీరల కొట్టు నుంచి ఎగ్మూరు మ్యూజియం ఆటో దూరమే. మదపుటేనుగు నలగిరి మనుషుల్ని తొక్కుకుంటూ వచ్చి బుద్ధుడి ముందు మోకరిల్లే గుండ్రటి శిల్పం అక్కడే ఉంది. ఒకే చక్రంలో ఆ భయం, ఆ శాంతం రెండూ చెక్కారు. పిల్లలు దాని ముందు నుంచి కదలరు. సాగర్ వెళ్ళినవాళ్ళు లాంచీ ఎక్కి నాగార్జునకొండ మీది మ్యూజియం చూడొచ్చు. డ్యాము నీళ్ళలో మునిగిపోకముందే, 1954 నుంచి 1960 వరకు తవ్వి, దొరికినవాటిని ఆ కొండ మీదే ఉంచారు. కోల్ దొర చెప్పిన మాట మనవాళ్ళు వేరే రకంగా నిజం చేశారనిపిస్తుంది.

ఈసారి పిల్లల దగ్గరికి ప్రయాణమయ్యే పెద్దవాళ్ళెవరైనా మీ ఇంట్లో ఉంటే, లేదా ఆ వయసు మీకే వస్తుంటే, వెళ్ళేముందే ఒక్క రోజు అడిగి పుచ్చుకోండి. వంట లేని రోజు, కొడుకు కారు లేని రోజు, మనవలతో మీరే వెళ్ళే రోజు. లండనే అయితే ఆ గది తెరిచి ఉందో లేదో ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి. శుక్రవారం అయితే రాత్రి వరకు తెరిచి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఒక్క గదితో సరిపెట్టుకోండి. పిల్లలకి చూపించేటప్పుడు తేదీలతో మొదలుపెట్టొద్దు. గాజులతోనో, కుండతోనో, ఏనుగుతోనో మొదలుపెట్టండి. తేదీలు వాళ్ళే అడుగుతారు. కష్టమైన ప్రశ్న వస్తే మాట దాటేయొద్దు, అబద్ధం కలపొద్దు. జరిగింది జరిగినట్టు చెప్తే ఎనిమిదేళ్ళ పిల్ల కూడా మోయగలదని మా ఇంట్లో చూశాం.

మా అమ్మ పాల లెక్కల పుస్తకంలో ఆ రెండు పేజీలు ఇంకా అలాగే ఉన్నాయి. కింద పెన్సిల్‌తో ఇంగ్లీషు అక్షరాల్లాంటి వంకర తెలుగులో పిల్ల మూడు పేర్లు రాసింది. తాతయ్య పేరు, నాన్నమ్మ పేరు, తన పేరు.